మౌంట్ వెర్నన్: ఇల్లు చూసి వెనక్కి రాకండి, కళ్ళం దాకా వెళ్ళండి

మా అమ్మాయి వాళ్ళు వర్జీనియాలో ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ రెండుసార్లు చూశాను. మొదటిసారి ఒక టూరు బస్సువాళ్ళ చేతిలో పడ్డాం. వాళ్ళ పేరెందుకు గానీ, "మౌంట్ వెర్నన్ పూర్తిగా చూపిస్తాం" అని టికెట్ అమ్మి, గేటు దగ్గర దింపి, గంటంబావులో మళ్ళీ బస్సెక్కాలన్నారు. అందులో ఇరవై నిమిషాలు బాత్రూం లైనుకే పోయాయి. పరుగున ఇంట్లో దూరి, పరుగున బయటపడి, గిఫ్టు షాపులో ఒక మగ్గు కొనుక్కుని వచ్చేశాం. "ఏముందండీ, తెల్ల పెంకుటిల్లు" అంది మా ఆవిడ. కాదనడానికి నా దగ్గర మాటేమీ లేకపోయింది.

నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. స్కూలు బిల్డింగులు, కల్వర్టులు, గోడౌన్లు కట్టించిన వాణ్ణి. ఒక కట్టడాన్ని అంత గాభరాగా చూసొస్తే నాకు నిద్రపట్టదు. రెండు వారాలాగి, అక్టోబరు మొదట్లో ఒక మామూలు పనిరోజు చూసుకుని, మా అమ్మాయి కారులో మనవణ్ణి కూడా తీసుకుని మళ్ళీ వెళ్ళాం. పొద్దున తెరిచే వేళకి వెళ్ళి సాయంత్రం దాకా ఉన్నాం. ఈ రివ్యూ ఆ రెండో రోజుది.

వాషింగ్టన్ డీసీకి దక్షిణంగా పదిహేను మైళ్ళు, పొటోమాక్ నది ఒడ్డున గుట్ట మీద ఉంటుంది. ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంచుతారు. లోపల ఇల్లు చూడటానికి మాత్రం టికెట్ మీద టైము వేసి ఉంటుంది. ఆ టైము ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. పొద్దున్నే తీసుకుంటే మిగతా రోజంతా మీదే.

ముందు ఇంటి ఎదురుగా, పచ్చికకి అవతలి చివర నిలబడండి. అందరూ ఫొటో తీసుకునేది అక్కడే. ఫొటో తీసుకున్నాక ఇంకో రెండు నిమిషాలు ఆగి కిటికీలు లెక్కపెట్టండి. తలుపుకి ఒక పక్క కిటికీలు ఉన్న ఎడం, రెండో పక్క ఉండదు. తలుపే సరిగ్గా నడిమధ్య లేదు. మొదటిసారి ఇది నాకు అందలేదు, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపించింది. పైన త్రికోణంగా ఉన్న ముఖప్పు, దాని మీద గోపురం లాంటి చిన్న కట్టడం మన చూపుని పైకి లాగేస్తాయి. కింద వంకర కనపడకుండా పైన కిరీటం పెట్టారన్నమాట. ఇలాంటి ఎలివేషన్ నా దగ్గరికి వచ్చుంటే ఎర్ర పెన్నుతో తిప్పి పంపేవాణ్ణి. కానీ ఎందుకలా అయిందో తెలిశాక మనసు మారింది.

వాషింగ్టన్ ఇంటిని పడగొట్టి కొత్తగా కట్టలేదు. తండ్రి ఆగస్టీన్ 1730లలో కట్టించిన ఒకటిన్నర అంతస్తుల ఇల్లు ఇప్పటికీ మధ్యలో అలాగే ఉంది. అన్న లారెన్స్ తర్వాత ఆ ఎస్టేటు ఇతని చేతికొచ్చింది. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ఎడ్మిరల్ వెర్నన్ పేరు పెట్టింది ఆ లారెన్సే. 1754 నుంచి కౌలుకి తీసుకుని, వదినగారు పోయాక 1761లో హక్కుదారయ్యాడు. 1750ల చివర్లో కప్పు లేపి ఇంకో అంతస్తు వేయించాడు. 1774లో రెండు పక్కలా గదులు పొడిగించడం మొదలెట్టాడు. పాత గదులు, పాత మెట్లు ఎక్కడివక్కడే ఉంచి చుట్టూ పెంచుకుంటూ పోతే కిటికీలు ఒక లైనుకి ఎలా వస్తాయి? అబ్బాయి పెళ్ళికి ఒక గది, రిటైర్మెంటు డబ్బుతో మేడ మీద ఇంకోటి వేసుకునే ప్రతివాడికీ ఈ బాధ తెలుసు. ఇతగాడు ఆర్కిటెక్టు కాదు. ఇంగ్లండు మేస్త్రీల డిజైను పుస్తకాలు దగ్గర పెట్టుకుని సొంతంగా గీసుకున్నవాడు. దానికి ఇది చాలా మంచి పని.

పైగా రెండో విడత పని సాగింది బ్రిటిష్ వాళ్ళతో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా. ఈయన సైన్యంతో ఉంటే ఇక్కడ పని చూసుకున్నది లండ్ వాషింగ్టన్ అనే బంధువు. 1776 ఆగస్టులో న్యూయార్క్ మీదికి బ్రిటిష్ సైన్యం దిగుతుంటే, ఈయన లండ్‌కి ఇంటి రెండు చివరలా ఏ చెట్లు ఎలా నాటాలో ఉత్తరం రాశాడు. సైటు మీద లేని ఓనరు ఎంత పీడిస్తాడో నాకు తెలుసు. లండ్ మీద జాలేసింది.

ఇప్పుడు గోడ. దూరం నుంచి చూస్తే చెక్కిన రాళ్ళు వరసగా పేర్చి కట్టినట్టుంటుంది. మా మనవడు దగ్గరికెళ్ళి వేలితో టకటకా కొట్టి, "తాతయ్యా, ఇది రాయి కాదు, చెక్క!" అని అరిచాడు. నిజమే, పైన్ చెక్క. పలకల అంచులు ఏటవాలుగా చెక్కి, రాళ్ళ మధ్య గాడిలా కనపడేలా చేసి, రంగు వేసి, ఆ రంగు తడిగా ఉండగానే ఇసుక జల్లారు. చెయ్యి పెడితే గరుకు కాగితంలా ఉంటుంది. ఆ రోజుల్లో రాయి తెప్పించడం ఖర్చు. ఇసుక వేస్తే రెండు లాభాలు, చెక్క మన్నుతుంది, రాయిలా కనిపిస్తుంది అని 1799లో విలియం థార్న్‌టన్ అనే ఆర్కిటెక్టుకి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పాడు. ఆ రెండో లాభం కోసమే మొదటిది చెప్పాడేమోనని నా అనుమానం. లోపల నడవలో కూడా అదే వరస. గోడల చెక్కలు ఖరీదైన మహోగని కర్రలా కనిపిస్తాయి, అవీ పైన్ చెక్కలే. ఈకతో, కుంచెతో తీసినంత సన్నగా ఆ చెక్క గీతలు వేసిన పనివాడి చేతికి దండం పెట్టాలి.

ఆ నడవ ఇంటికి ఊపిరితిత్తి లాంటిది. ఒక చివర తలుపు పచ్చిక వైపు, రెండో చివర తలుపు నది వైపు. రెండూ తెరిస్తే నది గాలి సూటిగా వస్తుంది. మెట్ల మీదుగా వేడి పైకెళ్ళి, గోపురం కిటికీల్లోంచి పోతుంది. అంటే ఆ కిరీటం ఉత్త కిరీటం కాదు, ఇంటికి పొగగొట్టం లాంటి గాలిగొట్టం. దాని కొన మీద గాలి దిక్కు చూపే పావురం ఉంటుంది, నోట్లో ఆలివ్ రెమ్మతో. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసే సభకి వెళ్ళినప్పుడు అక్కడే చేయించి పంపాడు. నడవ గోడకి ఒక గాజు పెట్టెలో పెద్ద ఇనప తాళంచెవి ఉంది. పారిస్ బాస్టీల్ జైలుది, ఆ యుద్ధంలో ఈయన పక్కన పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ పంపిన కానుక. జనం అంతా దాని దగ్గరే ఆగిపోతారు. మీరు తలెత్తి మెట్లు చూడండి.

పెద్ద హాలుని న్యూ రూం అంటారు. రెండు అంతస్తుల ఎత్తు, పచ్చ కాగితం గోడలు, మూడు భాగాల పెద్ద కిటికీ. ఆ కిటికీ గురించి గైడు చాలా చెప్పింది. నాకు నచ్చింది కప్పు. దేశానికి పెద్ద మనిషి ఇంటి పెద్ద హాలు కప్పు మీద సున్నపు పనిలో ఏముంటాయి? కత్తులా, కిరీటాలా? కొడవళ్ళు, పారలు లాంటి సేద్యం పనిముట్లు. పొయ్యి చుట్టూ ఉన్న పాలరాతి మీద కూడా పల్లె బొమ్మలే. అది శామ్యూల్ వాన్ అనే ఇంగ్లండు ఆయన పంపిన బహుమతి. అందరినీ కూర్చోబెట్టే గదిలో "నేను రైతుని" అని రాసి పెట్టుకున్నట్టుంది. పడక గదులు, స్టడీ రూము బాగున్నాయి గానీ వాటి దగ్గర నాకు చెప్పేదేమీ లేదు. 1799 డిసెంబరు 14న ఆయన పోయిన మంచం మేడ మీద ఉంది, అక్కడ అందరూ గొంతు తగ్గించారు.

నది వైపు వసారా మాత్రం ఈ ఇంటి మొత్తానికి గొప్ప ఆలోచన. ఇంటి పొడవునా తొంభై అడుగుల పైచిలుకు, రెండు అంతస్తుల ఎత్తులో ఎనిమిది చదరపు స్తంభాలు, కింద ఇంగ్లండు నుంచి తెచ్చిన రాతి పలకలు. అప్పటి అమెరికాలో ఇంత ఎత్తు వసారా ఇళ్ళకి ఉండేది కాదు, తర్వాత దేశమంతా దీన్నే చూసి కాపీ కొట్టింది. వరసగా కుర్చీలు వేసి ఉంటాయి. మా ఆవిడ కూర్చుంది, మరో ముప్పావు గంట లేవలేదు. ఎదురుగా నది, అవతలి ఒడ్డున మేరీలాండ్ అడవి. ఒక్క అపార్టుమెంటు కనపడదు. అది అదృష్టం కొద్దీ మిగిలింది కాదు, అవతలి ఒడ్డున కట్టడాలు రాకుండా పట్టుబట్టి పార్కుగా ఉంచారు. 1850ల నాటికి ఈ వసారా ఓడ స్తంభాలు ఊతం పెడితే నిలబడే స్థితికి వచ్చిందట. పడవలో వెళ్తూ ఆ అవతారం చూసిన ఒకావిడ కూతురికి ఉత్తరం రాసింది. ఆ కూతురు యాన్ పమేలా కన్నింగ్‌హామ్ 1853లో ఆడవాళ్ళని కూడగట్టి సంఘం పెట్టింది. రెండు లక్షల డాలర్లు చందాలు పోగుచేసి, 200 ఎకరాలతో సహా కొనేశారు. ఇప్పటికీ నడుపుతున్నది ఆ సంఘమే, ప్రభుత్వం డబ్బు తీసుకోరు. మెయింటెనెన్సు చూస్తే నాకు అసూయ వేసింది. గాడిలో దుమ్ము లేదు, చూరు దగ్గర చెమ్మ మచ్చ లేదు.

2024లో ఇంటి మరమ్మతు పని కోసం నేలమాళిగలో తవ్వితే గాజు సీసాలు బయటపడ్డాయి. ఐదు గుంటల్లో 35. వాటిలో 29 చెక్కుచెదరకుండా ఉన్నాయి. లోపల చెర్రీ పళ్ళు, ఇంకేవో చిన్న పళ్ళు, రెండొందల ఏళ్ళ పైబడినవి. ఈ ముక్క చెప్పగానే మా ఆవిడకి ఆ ఇల్లు మీద గౌరవం పెరిగింది. "ఎంత బాగా మూత పెట్టిందో ఆ వంటమనిషి" అంది. ఆ వంటమనిషి ఒక బానిస. ఆ మాట నేను అనలేదు, ఆవిడకీ తెలుసు, కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఎందుకంటే అప్పటికే మేం గ్రీన్‌హౌస్ దగ్గర నుంచి వచ్చాం. ఇటుక కట్టడం, 1787లో కట్టారు. 1835లో కాలిపోతే, 1950ల మొదట్లో తిరిగి కట్టింది ఇప్పుడున్నది. నిమ్మ, నారింజ చెట్లు చలికి చావకుండా కింద నుంచి వేడి గాలి పోయే గొట్టాలు పెట్టారు. ఇంజినీరుగా చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఆ గోడకి ఆనుకుని రెండు పక్కలా ఉన్న గదుల్లో బానిసలు ఉండేవారు. బల్లల మీద బల్లలు, రైలు బెర్తుల్లా. 1799 నాటికి ఈ ఎస్టేటులో 317 మంది బానిసలు. వాళ్ళలో 123 మంది వాషింగ్టన్ సొంతం, వాళ్ళని విడిపించమని వీలునామాలో రాశాడు. 153 మంది ఆయన భార్య మార్తా మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాళ్ళు, వాళ్ళని విడిపించే హక్కు ఆయనకి లేదు. మిగిలినవాళ్ళు అద్దెకి తెచ్చినవాళ్ళు. మనుషులు అద్దెకి. నేను పైన మెచ్చుకున్న చెక్క పని, సున్నపు పని చాలావరకు ఈ గదుల్లో పడుకున్నవాళ్ళ చేతుల మీదుగా వచ్చిందే. ఈ సంగతిని ఇక్కడ దాచరు, మూలన పెట్టరు, బోర్డుల మీద పేర్లతో రాశారు. అందుకు నా రేటింగులో అర స్టారు ఎక్కువ.

దారిలో రెండు చిన్నవి వదలకండి. ఒకటి హా-హా గోడ. ఇంటి వైపు నిలువుగా ఇటుక గోడ, అవతల ఏటవాలుగా గొయ్యి. ఇంట్లోంచి చూస్తే పచ్చిక ఒకే చాపలా సాగిపోయినట్టుంటుంది, కంచె ఉన్నట్టే తెలియదు. మేస్తూ వచ్చిన ఆవు మాత్రం గోడ కింద ఆగిపోతుంది. రెండోది ఎరువు కొట్టం. పెంట వేయడానికే ప్రత్యేకంగా, గులకరాళ్ళ గచ్చుతో, పక్కలకి గోడల్లేకుండా పైన కప్పుతో 1787లో కట్టించాడు. ఇప్పుడున్నది తిరిగి కట్టినది. పెంటకుప్పకి ప్లానూ ఎస్టిమేటూ వేసిన దేశాధ్యక్షుడు ఇంకొకడు ఉన్నాడా?

ఇక అసలు సంగతి. ఇంటి నుంచి కిందికి, నది వైపు దిగితే పొలం వస్తుంది. టూరు బస్సువాళ్ళు అక్కడికి తీసుకెళ్ళరు, చెప్పను కూడా చెప్పరు. దిగుడు బాగానే ఉంటుంది, ఎక్కుడే కష్టం. సీజన్లో షటిల్ బండి నడుస్తుంది. అక్కడ ఉంది పదహారు పలకల కొట్టం.

మన చిన్నప్పుడు కళ్ళంలో బంతి కట్టి తొక్కించడం చూసినవాళ్ళకి ఇది పట్టుకున్నట్టు అర్థమవుతుంది. గుంజ చుట్టూ ఎడ్లు తిరుగుతాయి, గింజ రాలుతుంది, వాన మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పరుగు. మట్టి కలుస్తుంది, దొంగ చేతులు పడతాయి. వాషింగ్టన్ అప్పటికే పొగాకు మానేసి గోధుమలోకి దిగాడు. అంతకుముందు ఇంకో పొలంలో మంచి కొట్టం కట్టించి, గోధుమ లోపల పెట్టించి, లోపలే కొట్టమన్నాడు. 1793 సెప్టెంబరులో ఇంటికొచ్చి చూస్తే, ఆ కొట్టం తలుపుకి ముప్ఫై అడుగులు కూడా లేని చోట, పంటని బయటికి తెచ్చి ఆరుబయటే గుర్రాలతో తొక్కిస్తున్నారు. ఆ మంట అంతా ఒక స్నేహితుడికి ఉత్తరంలో కక్కాడు. స్కూలుకి కొత్త వంటగది కట్టిస్తే బయట చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకున్నవాళ్ళని చూశాను కనక ఆ మంట నాకు కొత్త కాదు.

ఈ పదహారు పలకల కొట్టం ప్లాను 1792లో, ప్రెసిడెంటుగా ఫిలడెల్ఫియాలో ఉండగా గీసి మేనేజరుకి పంపాడు. 1795కి బానిస వడ్రంగులు పూర్తి చేశారు. కింద అంతస్తు ఇటుక, పైన చెక్క. అడ్డంగా 52 అడుగులు. గుండ్రంగా కట్టడానికి చెక్క వంగదు కాబట్టి పదహారు తిన్నటి పలకలతో గుండ్రానికి దగ్గరగా వచ్చాడు. నా లెక్కన ఒక్కో పలక పదడుగుల చిల్లర. ఇటుకలు 30,820 కావాలని లెక్కకట్టాడు. ఆ 820 చూసి నాకు నవ్వొచ్చింది. మేమైతే 31,000 అనుకుని, పది శాతం వేస్టేజీ వేసి, పైన ఇంకొంచెం వేసుకునేవాళ్ళం.

బయట నుంచి మట్టి ర్యాంపు మీదుగా గుర్రాలు పై అంతస్తుకి ఎక్కుతాయి. అక్కడ గుండ్రంగా పరిచిన గోధుమ కంకుల మీద పరుగు నడకలో తిరుగుతాయి. నేల చెక్కల మధ్య అంగుళంన్నర సందు వదిలారు. గింజ ఆ సందులోంచి కింది అంతస్తులోకి రాలుతుంది, గడ్డి పైనే ఉంటుంది. కింద తూర్పారబట్టి తాళం వేస్తారు. కళ్ళం, కప్పు, గాదె మూడూ ఒకే కట్టడంలో. ఒక్క చెక్క అలంకారం కోసం లేదు. పైన ఇల్లు ఉంది చూశారూ, చెక్క రాయిలా, పైన్ మహోగనిలా నటిస్తుంది. ఇది దేనిలానూ నటించదు. నన్నడిగితే ఆయన ఆర్కిటెక్టుగా పాసయింది ఇక్కడ.

అసలు కట్టడం కొన్ని మైళ్ళ అవతల డోగ్ రన్ పొలంలో ఉండేది, తర్వాత పోయింది. ఇది 1996లో పాత ప్లాను, ఒక పాత ఫొటో చూసి కట్టినది. దూలాలు ఎలా కూర్చారో కింద నిలబడి తలెత్తి చూస్తే పావుగంట సులువుగా పోతుంది. పక్కనే దుంగల మధ్య మట్టి మెత్తిన ఒంటిగది గుడిసె కూడా చూడండి, పొలం బానిసల ఇళ్ళు అలా ఉండేవి. మేం వెళ్ళిన రోజు గుర్రాలు తొక్కలేదు.

పిల్లలు ఉన్నవాళ్ళకి ఒక మాట: ఇంట్లో విసుక్కుంటారు, ఇక్కడ కదలరు. నీళ్ళ సీసా, మెత్తటి బూట్లు తప్పనిసరి. నాలుగున్నర స్టార్లు, మిగతా సగం ఆ ఎలివేషన్ కోసం కోస్తున్నాను, ఉద్యోగ ధర్మం.

మా మనవడు బోర్లా పడుకుని సందులో వేలు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు సులువుగా పట్టాయి. బయట ఏరిన ఓక్ కాయ ఒకటి జేబులోంచి తీసి వదిలాడు. కింద "టక్" అంది. ఇంకోటి. "తాతయ్యా, గోధుమకి చప్పుడొస్తుందా?" అన్నాడు. గడ్డి లోంచి ఒక గింజ వెతికి ఇచ్చాను. వదిలి, చెవి చెక్కకి ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. మోకాళ్ళు పట్టుకుని నేను కూడా వంగేసరికి బయట షటిల్ హారన్ కొట్టింది. మేం దిగి వచ్చేసరికి అది వెళ్ళిపోతోంది. వెనక సీట్లోంచి మా ఆవిడ చెయ్యి ఊపింది. మేం నడిచే ఎక్కాం.